మందాకిని గారి డైలాగు

‘ఇనప సూర్యుడు’ సినిమాలో మనుషులు ఇప్పుడు హాల్లో వాళ్ళు ముందు మాట్లాడితే తప్ప నోరు తెరవడం లేదు. తెరమీద కమాండర్ రాకెట్ తలుపు దగ్గర నిలబడి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, కింది వరసల వైపు చూస్తాడు. ముందు వరసలోంచి హోమియో డాక్టరు గారు లేచి, "ఇంధనం అయిపోయింది. ఇక మన ధైర్యమే ఇంధనం" అంటారు. అప్పుడు కమాండర్ కూడా అదే మాట అంటాడు, పాఠం అప్పజెప్పే పిల్లాడిలా బుద్ధిగా.

కాకినాడ సూర్యమండలి వాళ్ళకి, అంటే ఈ సినిమా అభిమానులకి, ఇందులో వింతేమీ కనిపించదు. ఏళ్ళ తరబడి ఆదివారం మార్నింగ్ షోకి వచ్చి, ప్రతి డైలాగునీ నటుల కంటే రవ్వంత ముందు పలకడం వాళ్ళ అలవాటు. ఆ అలవాటు ముదిరి ఇక్కడిదాకా వచ్చింది.

"ఇన్నాళ్ళూ మనం వాళ్ళ మాటలు నేర్చుకున్నాం. ఇప్పుడు వాళ్ళు మన మాటలు వింటున్నారు. మర్యాద అన్నాక రెండు వైపులా ఉండాలి కదండీ" అంటారు మండలి అధ్యక్షుడు మంగపతి గారు. ఆయన రిటైరైన ఫిజిక్స్ లెక్చరరు. సినిమాలో చంద్రుడు సూర్యుడి లోపలి నుంచి నడిచి వెళ్ళే సీనుని కూడా సైన్సు ప్రకారం సమర్థించగల మనిషి.

సినిమా విడుదలైనప్పుడు ఊళ్ళో ఒక్క వారం కూడా నిలబడలేదు. చల్లబడి ఇనుమైపోయిన సూర్యుణ్ణి వెలిగించడానికి కొందరు రాకెట్టెక్కి వెళ్ళడమే కథ. గ్రహం అంటే ఉప్పాడ బీచి, ఎర్ర రంగులో. ఓ మూల ఒక పడవ తెరచాప కనిపిస్తూనే ఉంటుంది. సూర్యుడంటే ఎక్కడిదో పాత రైసుమిల్లు బాయిలరు. దానికి గుండ్రటి ఇనప తలుపు. యాత్రికుల్లో విక్రాంత్ అనేవాడు గ్రహం మీద చచ్చిపోతాడు. వాడి శవాన్ని ఆ తలుపులోంచి లోపలికి నెడితే సూర్యుడు వెలుగుతాడు. నవ్వకుండా చూడలేం, నిజమే. కానీ తర్వాత ఆదివారం షోలుగా వేస్తే, నవ్వుతూ వెళ్ళినవాళ్ళే మళ్ళీ మళ్ళీ వెళ్ళారు, చివరికి నవ్వడం మానేశారు.

మండలిలో ప్రతి సభ్యుడికీ ఒక సొంత డైలాగు ఉంటుంది. దాన్ని ముందు ఆ మనిషే ఒంటరిగా లేచి అనాలి. తర్వాత తెరమీద వాళ్ళు అంటారు. ఆ తర్వాత హాలంతా ఒక్క గొంతుతో అంటుంది. ఇంకొకళ్ళ డైలాగు ముందు అనడం కంటే పెద్ద తప్పు అక్కడ లేదు.

మందాకినికి దక్కింది విక్రాంత్ చావు. రాకెట్లో వెళ్ళిన డాక్టర్ నీహారిక తెరమీద మైకు పట్టుకుని, "భూమికి చెప్పండి. విక్రాంత్ ఇక లేడు" అంటుంది. ఆ మాట మందాకినిది. వీధిలో జాకెట్లు కుట్టే మందాకిని, పెద్దగా మాట్లాడటం ఎరగని మందాకిని, ఆ ఒక్క క్షణం కోసం వారమంతా ఎదురుచూస్తుంది. ఒక మగవాణ్ణి పేరు పెట్టి, తడబడకుండా, అందరూ వినేలా అనే చోటు ఆమెకి ప్రపంచంలో అదొక్కటే.

ఎందుకంటే ఆమె మొగుణ్ణి పేరు పెట్టి పిలిచి ఎరగదు. పెళ్ళయిన నాటి నుంచి ఆ పేరు ఆమె నోట రాలేదు. ఆసుపత్రి కౌంటర్లో అడిగితే, "శివుడి పేరేనండి, ముందు సత్యం ఉంటుంది" అంటుంది. వాళ్ళే సత్యలింగం అని పూర్తి చేసుకోవాలి. ఇంట్లో "ఏవండీ" సరిపోతుంది. ఆయనా అంతే, ఆమెని "ఇదిగో" అంటాడు.

సత్యలింగం కాలిపోయిన మోటార్లకి రాగి తీగ చుట్టి, వార్నిష్ పూసి, వైండింగ్ చేస్తాడు. ఆయనకి సినిమా అంటే ఆసక్తి లేదు, భార్య అంటే ఉంది. అందుకని ప్రతి ఆదివారం ఆమె పక్క సీట్లో కూర్చుని ఇంటర్వెల్ దాకా నిద్రపోతాడు. ఇంటర్వెల్లో లేచి వెళ్ళి ఆమెకి సోడా తెస్తాడు.

ఈ ఆదివారం ఇంటర్వెల్ అయిపోయింది, లైట్లు ఆరిపోయాయి, ఆయన రాలేదు.

మందాకిని హాలు తలుపుకి వేలాడే గుడ్డ తెర వైపు చూస్తోంది. ఈయనేడీ, ఇంకా రాడేం, అనుకుంటోంది. సోడా బండి దగ్గర ఎవరితోనో కబుర్లలో పడి ఉంటాడు. అంతే అయి ఉంటుంది. అయినా లోపల ఏదో బెదురు.

సినిమాలో డాక్టర్ నీహారిక మైకు తీసుకుంది. ఆమె మందాకిని వైపు తిరిగి ఆగింది. వెనక నుంచి మంగపతి గారు దగ్గారు. హాలంతా ఆగి ఉంది. గ్రహం మీద పీతలు కూడా పరుగు ఆపి నిలబడ్డాయి.

మందాకిని గబుక్కున లేచి నిలబడుతుంది.

"భూమికి చెప్పండి. సత్యలింగం ఇక లేడు."

ఆ పేరు తన గొంతులో ఎలా ఉంటుందో ఆమె వినడం ఇదే మొదటిసారి. బాగుంది. ఒక్క ఊపిరి సేపు ఆమెకి అది బాగానే ఉంది. ఆ తర్వాత, తానేం అన్నదో తెలిసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటుంది.

"భూమికి చెప్పండి. సత్యలింగం ఇక లేడు" అంటుంది డాక్టర్ నీహారిక, కన్నీరు లేకుండా.

"భూమికి చెప్పండి. సత్యలింగం ఇక లేడు" అంటుంది హాలంతా. ఈలలు మోగుతాయి. కాగితం ముక్కలు గాల్లోకి లేస్తాయి.

తెరమీద వెండి దుప్పటి కింద పడుకున్న మనిషి విక్రాంత్ లాగా లేడు. కాస్త పొట్టి, కాస్త బొజ్జ. దుప్పటి బయటికి వచ్చిన చేతి గోళ్ళలో వార్నిష్ మరకలున్నాయి.

"ఇదిగో, నిమ్మకాయ పిండించాను. గ్యాసు పోకముందే తాగేయ్" అని మందాకిని చెవి పక్కన భర్త గొంతు వినిపిస్తుంది. ఆమె అటు తిరిగి చూస్తే పక్క సీటు ఖాళీ. సత్యలింగం అప్పుడే తలుపు తెర తొలగించుకుని లోపలికి వస్తున్నాడు, నోరు మూసుకుని. నింపాదిగా నడిచి వచ్చి, కూర్చుని, సోడా అందించి, అప్పుడు పెదాలు కదుపుతాడు. చప్పుడు రాదు. ఆయన మాట ఆయన కంటే ముందే వచ్చేసింది.

తల నుంచి కాళ్ళ దాకా ఆయన ఒంటి మీద సన్నటి తెల్ల గీతలు వాన పడినట్టు జారుతున్నాయి. బాగా అరిగిపోయిన రీలు మీద జారినట్టు.

ఆ రోజు సినిమాలో సూర్యుడి తలుపు తెరుచుకోదు. యాత్రికులు దుప్పటి మోసుకెళ్ళి బాయిలరు ముందు నిలబడి, ఏం చెయ్యాలో తెలియక, మంగపతి గారి వైపు చూస్తారు. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని దుప్పటిని పరీక్షగా చూస్తారు.

"మనిషి ఇంకా పూర్తిగా రాలేదు. వచ్చే ఆదివారం పెట్టుకుందాం" అంటారు. యాత్రికులు సరే అని తలలూపి, ఇసకలో చతికిలబడతారు. సినిమా అక్కడితో అయిపోతుంది.

*

సోమవారం పొద్దున్న మందాకిని కాఫీ కలుపుతుంటే, "పంచదార తక్కువైంది" అని సత్యలింగం గొంతు అంటుంది. ఆయన ఇంకా పళ్ళు తోముకుంటున్నాడు. మధ్యాహ్నానికల్లా రాత్రి అన్నం దగ్గర అనాల్సిన మాటలు వినిపిస్తాయి. గొంతు రోజురోజుకీ ముందుకు పోతోంది. వైండింగ్ షాపుకి వచ్చినవాళ్ళు, "రేపు రండి" అన్న మాట గుమ్మంలోనే విని వెనక్కి వెళ్ళిపోతున్నారు. ఆయన పెదాలు ఖాళీ షాపుతో మాట్లాడుకుంటున్నాయి.

నులక మంచం మీద ఆయన కూర్చుంటే మంచం కుంగడం లేదు. కిటికీ పక్కన నిలబడితే ఆయన లోంచి వెలుతురు గోడ మీద పడుతోంది, ఆ వెలుతురులో రంగులు కూడా ఉన్నాయి. మందాకిని గబగబా కిటికీ రెక్కలు మూసేస్తుంది.

పక్కింటి సుభద్రమ్మ గారు పరామర్శకి వస్తారు.

"పోయినాయన ఎలా ఉన్నారమ్మా?"

"బానే ఉన్నారండి. కాఫీ తాగుతున్నారు."

"అంతేలేమ్మా, తాగనీ. అటు వెళ్ళాక దొరుకుతుందో లేదో" అని సుభద్రమ్మ గారు ఆయన ఎదురుగానే కొంగుతో కళ్ళొత్తుకుంటారు. సత్యలింగం ఆమెకి కుర్చీ జరుపుతాడు. "కూర్చోండక్కా" అన్న మాట నిన్న సాయంత్రమే వచ్చి వెళ్ళింది.

సెంటర్లో ఫ్లెక్సీ వేశారు. ‘ఇనప సూర్యుడికి వెలుగునివ్వనున్న సత్యలింగం గారికి అశ్రునివాళి, మీ సూర్యమండలి.’ మధ్యలో ఆయన ఫోటో, చుట్టూ దండ. కింద గుండ్రటి చట్రాల్లో మండలి సభ్యులు, సెల్‌ఫోను చెవికి పెట్టుకుని ఎటో చూస్తూ. మందాకిని ఫోటో కూడా ఉంది. అందులో ఆమె నవ్వుతోంది. అలా నవ్వుతూ ఫోటో ఎప్పుడు దిగిందో ఆమెకి గుర్తు లేదు.

ఆమె తిన్నగా మంగపతి గారింటికి వెళ్తుంది. ఆయన వరండాలో కూర్చుని పేపరు చదువుకుంటున్నారు.

"నేను తప్పు చెప్పానండి. విక్రాంత్ అనబోయి మా ఆయన పేరు అనేశాను. మార్చెయ్యండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"కూర్చోమ్మా" అంటారు ఆయన. "మీరు తప్పు చెబితే తెరమీద డాక్టర్ నీహారిక గారు అదే మాట ఎందుకంటారు? సినిమా కూడా అనేశాక అది తప్పు కాదు. అంతకుముందుదే తప్పు. ఇన్నేళ్ళూ మనం విక్రాంత్ విక్రాంత్ అని తప్పు మాట అంటూ వచ్చాం. మీ పుణ్యమా అని తెలిసింది."

"ఆయన బతికే ఉన్నారండి!"

"విక్రాంత్ మటుకు బతికి లేడా? ఆ నటుడు తునిలో బట్టల కొట్టు పెట్టుకుని నిక్షేపంలా ఉన్నాడు. దానికీ దీనికీ సంబంధం లేదు." ఆయన పేపరు మడుస్తారు. "మీరు ఆయన్ని ఎప్పుడైనా పేరు పెట్టి పిలిచారా?"

"లేదండి. ఎలా పిలుస్తానండి?"

"మరింకేం? ఇంట్లో వాడని పేరు. ఊరికే పడి ఉన్న పేరు. అది సినిమాకి పనికొచ్చింది. వాడుకలో ఉన్న పేరైతే సినిమా ముట్టుకునేది కాదు."

మందాకిని వరండా మెట్టు మీదే కూర్చుని, కదలదు.

"మీ డైలాగు మీది. మళ్ళీ మార్చే హక్కు మీకుంది" అంటారు మంగపతి గారు, జాలిపడి. "కానీ హాలంతా మీ వెనక అనాలి. అది నా చేతుల్లో లేదు."

శనివారానికి సత్యలింగం మాటలన్నీ అయిపోయాయి. గొంతు వీధి చివర మలుపు తిరిగి ఎటో వెళ్ళిపోయింది. మందాకిని మంచం పక్కన కింద కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంటుంది. చెయ్యి అందుతోంది, కానీ బరువు లేదు. పేరు పెట్టి పిలుద్దామని నోరు తెరుస్తుంది. సిగ్గు అడ్డం వస్తుంది. ఇంత జరుగుతున్నా సిగ్గేమిటని తనని తనే తిట్టుకుంటుంది. ఆయన పెదాలు కదులుతున్నాయి. ఏమంటున్నాడో, ఆ మాట ఎప్పుడు వినిపించి వెళ్ళిందో, ఆమె ఎంత తలుచుకున్నా గుర్తు రాదు.

*

ఆదివారం మార్నింగ్ షోకి ఊరు ఊరంతా దిగింది. తలుపు దగ్గర మనిషి మందాకిని టికెట్టు చింపి, సత్యలింగం టికెట్టు వెనక్కి ఇచ్చేస్తాడు.

"ఆయనకి అక్కర్లేదండి. ఆయన లోపలే ఉన్నారు కదండీ."

ఈసారి సత్యలింగం నిద్రపోడు. కళ్ళు విప్పార్చి తెరవైపే చూస్తున్నాడు. మందాకిని తన కొంగు చివర ఆయన చొక్కా గుండీకి గట్టిగా ముడివేసి కూర్చుంటుంది. ఇంటర్వెల్లో ఆయన్ని లేవనివ్వదు.

డాక్టర్ నీహారిక మైకు తీసుకుంటుంది. తిరిగి చూస్తుంది. మందాకిని లేస్తుంది. కంఠం నరాలు తేలేలా అరుస్తుంది.

"భూమికి చెప్పండి. విక్రాంత్ ఇక లేడు!"

డాక్టర్ నీహారిక ముఖం చిట్లించుకుంటుంది. నోరు తెరిచి, మూసి, హాలు వైపు చూస్తుంది.

"సత్యలింగం!" అంటుంది హాలంతా.

"విక్రాంత్! విక్రాంత్ అండి బాబూ!"

"సత్యలింగం!" కోపంగా కాదు. ఎంతో ప్రేమగా అంటున్నారు. పిల్ల పద్యం మధ్యలో మర్చిపోతే పెద్దవాళ్ళు అందించినట్టు అందిస్తున్నారు. హోమియో డాక్టరు గారి కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి.

"భూమికి చెప్పండి" అంటుంది డాక్టర్ నీహారిక, ఊరటగా. "సత్యలింగం ఇక లేడు."

పక్క సీట్లోంచి ఆయన లేస్తాడు. సోడాకి వెళ్ళే మనిషిలా, ఎవరి కాళ్ళూ తొక్కకుండా, వరస దాటి నడుస్తాడు. కొంగు ముడి విడిపోలేదు, చిరగలేదు. గుండీ ఆమె కొంగుకే ఉండిపోయింది. ఆయన మెట్లు లేని చోట మెట్లెక్కి తెరమీది ఎర్ర ఇసకలోకి దిగుతాడు. వెండి దుప్పటి ఎత్తి, కింద పడుకుని, మెడదాకా కప్పుకుంటాడు. యాత్రికులు ఇసక దులుపుకుని లేస్తారు.

బాయిలరు తలుపు ఈసారి తేలిగ్గా తెరుచుకుంటుంది. కాళ్ళు ముందుగా ఆయన లోపలికి వెళ్తాడు. తలుపు మూసుకుంటుంది.

మందాకిని సీటు మీదికెక్కి నిలబడుతుంది.

"ఏవండీ!"

"ఆఁ" అంటారు హాల్లో మగవాళ్ళందరూ. వెనక్కి తిరిగి చూస్తారు. రాకెట్లో కమాండర్ కూడా "ఆఁ" అని విగ్గు సర్దుకుంటాడు. మంగపతి గారు లేచి నిలబడి, తనని పిలిచింది ఎవరా అని వెతుక్కుంటున్నారు. ఎవరి పెళ్ళాం ఎవర్ని పిలిచిందో తెలియక గందరగోళం. ఆ పిలుపుతో ఆయన దాకా వెళ్ళడం కుదరదు. దారిలో అంతమంది మొగుళ్ళున్నారు.

ఇంకొక్క మాటే ఉంది. ఆమె రెండు చేతులూ నోటి పక్కన పెట్టుకుంటుంది. ఈసారి సిగ్గు ఎక్కడుందో ఆమెకి తెలియదు, వెతకదు కూడా.

"సత్యలింగం!"

ఇది పిలుపు, సినిమాలో ఎక్కడా లేని డైలాగు. ఎలా అనాలో మండలి వాళ్ళకి తెలియదు. హాల్లో ఎవరూ ఆమె వెంట ఆ మాట అనరు. సముద్రం హోరు మాత్రం వినిపిస్తోంది, ఉప్పాడది.

ఇనప సూర్యుడి లోపలి నుంచి ఒక గొంతు పలుకుతుంది. ఎటో వెళ్ళిపోయిన గొంతు, ఆయనదే.

"ఎవరండీ?"

తన పేరు మందాకిని గొంతులో ఆయన ఎప్పుడూ వినలేదు. ఆ పిలుపు పరాయివాళ్ళదని అనుకుంటున్నాడు. అంత మర్యాదగా ఆయన ఆమెతో ఒక్కనాడూ మాట్లాడలేదు.

"నేనండీ!" అని అరుస్తుంది. "నేనే!"

ఈ మాట ఎలా అనాలో అందరికీ తెలుసు.

"నేనండీ! నేనే!" అంటుంది హాలంతా. ఆడా మగా, ముందు వరసా బాల్కనీ, ఒక్క గొంతుతో, ఆమె ఏడుపుతో సహా. తెరమీద కమాండర్ అంటాడు, డాక్టర్ నీహారిక అంటుంది. మందాకిని గొంతు అందులో కలిసిపోయి, ఏది తనదో ఆమెకే తెలియకుండా పోతుంది.

సూర్యుడి తలుపు లోపలి నుంచి తెరుచుకుంటుంది. సత్యలింగం బయటికి వస్తాడు. అతని వెనక సత్యలింగం, అతని వెనక సత్యలింగం. ‘నేనే’ అన్న గొంతు గొంతుకీ ఒకరు. ఒకరినొకరు తోసుకోకుండా, తుండుతో మెడ తుడుచుకుంటూ, వరసగా తెర దిగి హాల్లోకి వస్తున్నారు. ఒంటి మీద గీతలు లేవు. నడిస్తే నేల చప్పుడవుతోంది. ప్రతి సీటు పక్కనా ఒకరు కూర్చుంటున్నారు. సీటు లేనిచోట సీటు వస్తోంది, వరసలు సాగుతున్నాయి, గోడలు ఎటో జరిగిపోయాయి. సుభద్రమ్మ గారి పక్కన ఒక సత్యలింగం, మంగపతి గారి పక్కన ఒక సత్యలింగం.

మందాకిని సీటు దిగి కూర్చుని తన పక్క సీటు మీద చెయ్యి వేసి ఉంచుతుంది. చివరికి అందరి తర్వాత ఒకతను వస్తాడు. ఆమె చెయ్యి తీస్తుంది. అతను కూర్చుంటాడు. సీటు కుంగుతుంది. వార్నిష్ వాసన వేస్తోంది. ఆమె కొంగున ఉన్న గుండీని పిడికిట్లో పట్టుకుంటుంది.

అతను ఆమె వైపు తిరుగుతాడు. పెదాలూ గొంతూ చక్కగా కలిసి ఉన్నాయి.

"మీరెవరి తాలూకా అండీ?" అని అడుగుతాడు.

హాలంతా, ప్రతి సీటు దగ్గరా, ప్రతి సత్యలింగమూ పక్కవాళ్ళని అదే అడుగుతున్నాడు. ఎవరూ జవాబు చెప్పడం లేదు. ఇది మందాకిని డైలాగు, ముందు ఆమే అనాలి. మీ తాలూకానే అని ఆమె అంటే అందరూ మీ తాలూకానే అంటారు. ఊరు ఊరంతా ఆయన మనుషులే, ఆయన తాలూకానే అవుతారు. ఆమె అనకపోతే ఆయనకి ఆమె పరాయిదే.

బాల్కనీ నుంచి ముందు వరస దాకా జనం ఆమె వైపు తిరిగి నోళ్ళు తెరిచి కూర్చున్నారు. తెరమీద డాక్టర్ నీహారిక మైకుని ఆమె వైపు చాపి పట్టుకుంది. పక్క సీట్లో మనిషి చేతులు ఒళ్ళో పెట్టుకుని, పరాయి ఆడదాని ముఖంలోకి సూటిగా చూడకూడదని కాస్త కింద చూపుతో, జవాబు కోసం ఓపిగ్గా ఎదురుచూస్తున్నాడు.